సూదితోక బాతులను సాగనంపిన ఆరు రోజులు

సంక్రాంతి సెలవుల్లో కొండకర్ల ఆవ అనే సరస్సు గట్టు మీద నిలబడటానికి చోటు వెతుక్కోవాలి. అదే ఆవకు శివరాత్రి దాటాక వెళ్తే గట్టు మీద మనమూ, నాలుగు మేకలూ. వలస పక్షులు వచ్చాయంటే పత్రికల్లో బొమ్మలు వేస్తారు. వెళ్ళిపోతున్నాయంటే ఎవరికీ పట్టదు. ఇంటికి వచ్చిన మనిషిని గుమ్మం దాకా సాగనంపని మర్యాద ఎక్కడి మర్యాద అని మా అత్తయ్య అన్నారు. ఆవిడ అన్నది పక్షుల గురించి కాదు. మా ఆడపడుచు ఊరికి బయలుదేరుతుంటే నేను ఫోను చూసుకుంటూ కుర్చీలోంచి లేవనందుకు. మాట మాత్రం నాకు మరో చోట తగిలింది. కాలేజీలో మిగిలిపోయిన సెలవులు నాలుగుంటే వాటిని శని, ఆదివారాలకు అటూ ఇటూ చేర్చి, ఫాల్గుణ మాసం వెన్నెల రోజుల్లో విశాఖ చుట్టుపక్కల నీటి పట్టున తిరిగి వచ్చాను.

మొదటి రోజు, గురువారం: మేఘాద్రి గెడ్డ

ఎం.వి.పి. కాలనీలో అయిదు గంటలకు స్కూటరు తీస్తే పాలవాడు, నేను, వీధి కుక్కలు తప్ప ఎవరూ లేరు. పెందుర్తి వైపు చేరేసరికి తూర్పు తెల్లబడింది. శివరాత్రికి చలి ‘శివ శివ’ అంటూ పోతుందంటారు గానీ, స్కూటరు మీద వెళ్ళేవాళ్ళ దగ్గర మరో వారం ఆగి పోతుంది. వేళ్ళు కొంకర్లు పోయాయి.

కొండల మీద నుంచి దిగే వాగును మా ఉత్తరాంధ్రలో గెడ్డ అంటాం. మేఘాద్రి గెడ్డకు అడ్డకట్ట వేసి ఆ నీటిని నగరానికి తాగడానికి మళ్ళిస్తారు. అంటే విశాఖలో కొళాయి తిప్పినప్పుడు వచ్చే నీళ్ళలో కొన్ని, సైబీరియా నుంచి వచ్చిన బాతులు ఈదిన నీళ్ళే. ఈ సంగతి ఇంట్లో చెబితే రెండు రోజులు ఎవరూ నీళ్ళు సరిగా తాగలేదు.

నా బైనాక్యులర్ కథ ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే ఆరు రోజులూ అదే గోల అవుతుంది. విశాఖ తేమకు అద్దాల లోపల బూజు పడుతుంది. బియ్యపు డబ్బాలో పెట్టండి, ఎండలో పెట్టండి, బూజు తన పని తాను చేసుకుపోతుంది. నా దానిలో కుడి కంటి అద్దం సగం మూసుకుపోయింది. ఆ సగం కంటితో చూసి, అవతలి ఒడ్డున వరుసగా తేలుతున్న తెల్లటి పక్షులను ఇరవై రెండు దాకా లెక్కపెట్టి పుస్తకంలో రాసుకున్నాను. వెలుగు పెరిగాక చూస్తే అవి వల పైకి తేలడానికి కట్టిన థర్మోకోల్ ముక్కలు. కొట్టివేత అలాగే ఉంచాను, గర్వం తగ్గడానికి.

అసలు పక్షులు నడిమధ్యన ఉన్నాయి. నల్లటి ఒంటికి నుదుట తెల్లటి బొట్టు పెట్టుకున్న బొల్లికోళ్ళు వందల్లో. వాటి అంచున, కాస్త ఎడంగా, నేను చూడాలని వచ్చిన సూదితోక బాతులు ఓ అరవై. మగదాని తల ముదురు గోధుమ రంగు, మెడ పక్క నుంచి పైకి సాగిన తెల్ల చార, వెనక సూది పెట్టినట్లు నిలిచిన నల్ల తోక. ఆడది మాత్రం మట్టి రంగు మచ్చల చీర కట్టుకుని ఎవరి కంటా పడకుండా ఉంటుంది. తల నీళ్ళలోకి, తోక ఆకాశానికి పెట్టి అడుగున ఉన్న గింజలు, వేళ్ళు తినడం వాటి అలవాటు. డిసెంబరులో చూసినప్పుడు తినడమే పనిగా ఉండేవి. ఈ పొద్దున మాత్రం ఒక్క ఆడ బాతు చుట్టూ అయిదు మగ బాతులు. మెడ నిక్కించడం, తోక ఎత్తడం, సన్నగా ఈల వేయడం. ఆ ఆడ బాతు ఎటు తిరిగితే అటు అయిదూ తిరుగుతున్నాయి.

ఈ పెళ్ళిచూపులు ఎండాకాలం గూడు కట్టే చోట జరుగుతాయని చాలాకాలం అనుకున్నాను. కాదు. ఈ బాతులు జత కుదుర్చుకునేది శీతాకాలం గడిపే చోటే, అంటే మన చెరువుల్లోనే. ముహూర్తం ఇక్కడ, కాపురం పెట్టేది అక్కడ.

ఎప్పుడు బయలుదేరాలో వాటికి ఎవరు చెబుతారన్న ప్రశ్నకు 1920లలో కెనడాలో విలియం రోవన్ అనే ఆయన ఒక జవాబు వెతికాడు. మంచు కురిసే శీతాకాలంలో చిన్న పిట్టలను పంజరాల్లో ఉంచి, రోజూ కాసేపు ఎక్కువగా దీపాలు వెలిగించాడు. బయట గడ్డ కట్టే చలి ఉన్నా లోపల పిట్టలకు వసంతం వచ్చేసింది. చలి కాదు, ఎండ కాదు, పగటి పొడవే వాటికి పంచాంగం. ఉత్తరాన ఆ తేడా గంటలకొద్దీ ఉంటుంది. మన విశాఖలో డిసెంబరు నెలాఖరు పగటికీ మార్చి మొదటి పగటికీ మధ్య తేడా ముప్పావు గంట. కరెంటు బిల్లులో కూడా కనపడని ఆ ముప్పావు గంటను ఇవి లెక్కపెట్టుకుంటాయి.

ఎనిమిదింటికి ఎండ చురుక్కుమంది. ఇంటికి వచ్చి పడుకున్నాను.

రెండో రోజు, శుక్రవారం: కొండకర్ల ఆవ

‘నేనూ వస్తాను’ అన్నారు అత్తయ్య, ఆవ పేరు వినగానే. ఆవిడ పుట్టిల్లు మునగపాక. ఆవిడకు అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళు ఆవిడకంటే పదేళ్ళు పెద్దవి. కారు తీయక తప్పలేదు.

విశాఖ నుంచి సుమారు 45 కిలోమీటర్లు. అనకాపల్లి దాటి మునగపాక దారి పట్టగానే బెల్లం వాసన కారు అద్దాలను తోసుకుని లోపలికి వచ్చింది. రోడ్డు పక్కనే పాకల్లో పెద్ద పెనాల మీద చెరకు రసం కుతకుతమంటోంది. పక్షులు పారిపోతాయా అన్నట్లు నేను తొందరపడుతుంటే, ఆవిడ కారు ఆపించి, దిగి, ఒక పాకలోకి వెళ్ళి, వాళ్ళ తాతగారి పేరు అడిగి, చుట్టరికం తేల్చి, ఆకులో వేడి పాకం పట్టుకుని వచ్చారు. నలభై నిమిషాలు. పాకం బాగుంది, అందుకని ఏమీ అనలేదు.

ఆవ అంటే లోతు లేని పెద్ద నీటి మడుగు, ఒడ్డు ఎక్కడ మొదలవుతుందో చెప్పలేని చిత్తడి. కొండకర్ల ఆవను ఆంధ్రప్రదేశ్‌లో కొల్లేరు తరవాత అంత పెద్ద మంచినీటి సరస్సుగా చెబుతారు. ఒకప్పుడు విశాఖ జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక అనకాపల్లి జిల్లాకు వెళ్ళింది. పక్షులు ఆ ఉత్తర్వును పట్టించుకున్నట్లు లేదు. ఒక పక్క కొండలు, మిగిలిన మూడు పక్కలా పొలాలు. నీటి నిండా తామర, అల్లి, వాటి మధ్య జాగా దొరికిన చోటల్లా గుర్రపుడెక్క. ఖాళీ నీరు ఏటేటా చిన్నదవుతోంది. తామర అందంగా ఉంటుంది కాబట్టి ఎవరూ అనరు గానీ, బాతుకు కావలసింది తామరపూల దృశ్యం కాదు, దిగడానికీ లేవడానికీ కాస్త తెరిపి నీరు.

ఇక్కడి పడవ చూడవలసినదే. రెండు తాటి మానులను తొలిచి, పక్కపక్కన చేర్చి కట్టిన దోనె. కూర్చుంటే నీటికీ మనకూ మధ్య జానెడు ఎత్తు. పడవాయన వెనక నిలబడి వెదురు గెడతో తోస్తాడు. అత్తయ్య ఎక్కుతారా అని నేను అనుమానపడుతుండగానే, ఆవిడ చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు పైకి దోపి, కాలు సరిగ్గా మధ్యలో వేసి కూర్చున్నారు. తడబడింది నేను. పంజాబీ డ్రెస్ మోకాళ్ళ దాకా బురదయింది.

‘తల్లీ, మీది మునగపాకే కదా?’ అన్నాడు పడవాయన ఆవిడను చూసి.

‘కాలు వేసిన తీరు చూసి చెప్పావా?’

‘పట్నం వాళ్ళు ముందు ఫోను లోపల పెడతారమ్మా, తరవాత కాలు పెడతారు.’

నేను ఫోను సంచిలో వేసుకున్నాను.

తామరాకుల మధ్య నుంచి దారి కోసుకుంటూ దోనె వెళ్తుంటే ఆకులు పడవ అంచుకు రాసుకుని బర్రుబర్రుమంటాయి. ఆ ఆకుల మీద, నీళ్ళ మీద నడుస్తున్నట్లే, జకానాలు. వాటి కాలి వేళ్ళు ఒంటి కొలతకు ఏ మాత్రం పొంతన లేనంత పొడుగు, బరువు ఆకంతా పరుచుకుంటుంది కాబట్టి మునగవు. కొన్నింటికి వెనక పొడుగు తోక అప్పుడే మొలుస్తోంది. వానాకాలంలో గుడ్లు పెట్టే వేళకు అది కొడవలిలా వంగుతుంది. ఇవి ఎక్కడికీ పోవు, ఇక్కడివే. నీలి ఊదా రంగు బొల్లికోడి ఒకటి తామర కాడను ఒక కాలితో పట్టుకుని, మనం చెరకు గడ తిన్నట్లు చీల్చి తింటోంది. నత్తకొంగలు గట్టున నిలబడి ఉన్నాయి, ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే కొంగలు. నత్తగుల్లలను పట్టి తినేది ఆ ముక్కుతోనే. లకుముకి పిట్ట, నీటికాకి, ఎర్రటి కొంగలు. వీటిని గురించి చెబుతూ పోతే సాయంత్రమవుతుంది. నేను వెతుకుతున్నది వేరే.

తామర దాటాక తెరిపి నీరు వచ్చింది. పడవాయన గెడ దింపి దోనె ఆపాడు. రెండు వందల గజాల దూరంలో సూదితోక బాతులు. లెక్కపెట్టాను, ఈసారి థర్మోకోల్ కాదని రెండుసార్లు చూసుకుని మరీ. నూట ఎనభైకి కాస్త అటూ ఇటూ. అన్నీ ఒకే వైపు ముఖం పెట్టి ఉన్నాయి.

‘గాలికి ఎదురుగా నిలబడతాయమ్మా,’ అన్నాడు పడవాయన. ‘నెల కిందట అటు తిరిగేవి, ఇప్పుడు ఇటు. గాలి మారింది. పొద్దున్న పూట ఇంకా తేలిపోలేదు గానీ, సాయంత్రానికి దక్షిణపు గాలి వస్తుంది. తామరాకు తిరగబడి ఎర్రటి అడుగు కనిపిస్తే దక్షిణపు గాలి గట్టిపడిందని మాకు గుర్తు. అప్పుడు ఇవి ఉండవు.’

పుస్తకాలు చెప్పేది కూడా ఇదే. చలికాలమంతా ఈ తీరంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. మార్చి వచ్చేసరికి దక్షిణం వైపుకు మారుతుంది. ఉత్తరానికి వేల కిలోమీటర్లు ఎగరవలసిన పక్షికి వెనక నుంచి తోసే గాలి కంటే పెద్ద సాయం లేదు. పగటి పొడవు చూసి ఒళ్ళు సిద్ధం చేసుకుంటుంది, గాలి చూసి రోజు నిర్ణయించుకుంటుంది. వారం, తిథి, వర్జ్యం అంతా అందులోనే.

‘ఇవి ఎక్కడివి?’ అని అడిగారు అత్తయ్య.

‘సైబీరియావి. పత్రికల వాళ్ళు విదేశీ అతిథులంటారు.’

‘ఎప్పుడొస్తాయి?’

‘అక్టోబరు, నవంబరు. మార్చిలో వెళ్తాయి.’

ఆవిడ వేళ్ళ కణుపులు లెక్కపెట్టారు. ‘అయిదు నెలలు. అక్కడ?’

‘గుడ్లు పెట్టి పిల్లలను పెంచేది వేసవిలో. మే నుంచి ఆగస్టు దాకా. మిగిలింది దారిలోనే.’

‘అంటే ఇక్కడే ఎక్కువ ఉంటాయి. అతిథి ఎక్కడైనా అయిదు నెలలు ఉంటుందా, అమ్మాయ్? నేను మునగపాకలో పుట్టాను, నలభై ఏడేళ్ళుగా విశాఖలో ఉన్నాను. నన్ను మునగపాక అతిథి అంటావా, విశాఖ అతిథి అంటావా?’

నేను ఏదీ అనలేదు. ఏది అన్నా సాయంత్రం వంటింట్లో దాని లెక్క వేరే ఉంటుంది.

కాస్త ఆగి, జత బాతుల వైపు చూపించి, నాకు తెలిసిన మరో సంగతి చెప్పాను. ఇక్కడ జత కుదిరాక మగ బాతు తన ఊరికి పోదు. ఆడది ఎక్కడ పుట్టిందో ఆ చోటికే ఆడది తిరిగి వెళ్తుంది, మగది దాని వెంట పోతుంది. బాతుల్లో పుట్టిన చోటు గుర్తుపెట్టుకుని తిరిగి చేరేది ఎక్కువగా ఆడవే. మగది ఏ చెరువులో ఎవరితో జత కడితే అటు కొట్టుకుపోతుంది.

అత్తయ్య ఎంత గట్టిగా నవ్వారంటే దోనె ఊగింది. ‘ఇల్లరికం! సూదితోక చూసుకుని మురిసిపోయేవాడు ఇల్లరికపు అల్లుడా! తరవాత?’

‘ఆడది గుడ్లు పొదగడం మొదలుపెట్టగానే జారుకుంటాడు.’

‘అదీ. ఇల్లరికమైనా బుద్ధి పోలేదు.’ పడవాయన గెడ మీదికి వంగి నవ్వు దాచుకున్నాడు.

తిరుగు దారిలో ఆవిడ గొంతు తగ్గింది. తన చిన్నతనంలో ఈ ఆవలో రాత్రిళ్ళు వలలు కట్టేవారట. తెల్లారేసరికి చిక్కుకున్న బాతులను కాళ్ళు కట్టి సంతకు పట్టుకెళ్ళేవారు. తానూ తిన్నాననీ, రుచిగా ఉండేదనీ దాచకుండా చెప్పారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో, అప్పటికి ఆవిడకు పద్నాలుగో పదిహేనో. ‘అప్పుడు ఇవి ఇంత దూరం వెళ్తాయని ఎవరికి తెలుసు? ఎండాకాలం బురదలోకి దిగిపోతాయనుకునేవాళ్ళం.’ నిజానికి అది ఆవిడ ఒక్కరి అజ్ఞానం కాదు. పిట్టలు చలికాలంలో బురదలో నిద్రపోతాయని యూరప్‌లో పండితులే శతాబ్దాల పాటు నమ్మారు. వాళ్ళకు కనబడకుండా పోయిన కాలంలో మనకు కనిపించేవి, మనకు కనబడని కాలంలో వాళ్ళకు. ఇద్దరూ కలిసి మాట్లాడుకుంటే తేలిపోయేది. మన దేశంలో సలీం అలీ నాయకత్వాన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు 1960లలో వేల పక్షుల కాళ్ళకు అంకెలున్న ఉంగరాలు తొడిగి వదిలాక, వాటిలో కొన్ని సోవియట్ దేశంలో దొరికి, ఆ ముచ్చట మొదలైంది.

మూడో రోజు, శనివారం: భీమిలి

సముద్రం పక్కన బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా. దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర సెలవు రోజు జనం, సెల్ఫీలు. ఆగలేదు.

గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ మొగలో ఆటుపోట్ల మధ్య బయటపడే బురద తిన్నెలే వాడర్ పక్షులకు, అంటే తడి బురదలో నడుస్తూ మేసే పిట్టలకు, వంటిల్లు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు ఇది, డచ్చి వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఊరి వెనక కొండ పేరు పావురాళ్ళకొండ. పక్షుల పేరు పెట్టుకున్న కొండ కింద పక్షులను చూడటానికి వచ్చిన నాకు ఆ రోజు ఒక్క పావురం కూడా కనబడలేదు.

పోటు తగ్గే వేళ అడుగు పెట్టాను. తిన్నె మీద గోధుమ రంగు తలల గల్ పక్షులు. టిబెట్, లదాఖ్ ఎత్తైన సరస్సుల దగ్గర గూళ్ళు కట్టే సముద్రపు పక్షులివి, సముద్రానికి అంత దూరంలో పిల్లలను పెంచేవాటిని సముద్రపు పక్షులనడం మన సౌకర్యం. చలికాలమంతా వాటి తల తెల్లగా, చెవి దగ్గర ఒక్క మచ్చతో ఉంటుంది. ఈ నెలలో తలకు రంగు వేసుకుంటాయి. ఈ ఉదయం కొన్నింటికి పూర్తిగా గోధుమ టోపీ వచ్చేసింది, కొన్నింటికి సగం సగం, తలకు రంగు వేసుకుంటూ మధ్యలో కరెంటు పోయినట్లు. తల చూసి ఏది ముందు బయలుదేరుతుందో చెప్పేయవచ్చనిపించింది. చెప్పలేమని తెలిసినా పందెం కాయాలనిపించింది.

తడి ఇసుక అంచున చిన్న ప్లవర్లు. పరుగు, ఆగు, ఒక్క పోటు, మళ్ళీ పరుగు. వాటి రొమ్ము మీద ఇటుక రంగు అప్పుడే పాకుతోంది. బురదలోని పురుగులను, పిల్ల పీతలను వేగంగా లాగి మింగుతున్నాయి. ఇవి ఇప్పుడు తినేది ఆకలికి కాదు, దారి ఖర్చుకు. ప్రయాణానికి ముందు కొన్ని వాడర్ పక్షులు కొవ్వు పట్టించి దాదాపు రెట్టింపు బరువు అవుతాయి. బార్-టెయిల్డ్ గాడ్విట్ అనే పక్షి అయితే బయలుదేరే ముందు తన జీర్ణాశయాన్నే కుదించేసుకుంటుంది. దారిలో తినేది లేనప్పుడు దాన్ని మోయడం దేనికి? 2022 అక్టోబరులో ఆ జాతి కుర్ర పక్షి ఒకటి అలాస్కా నుంచి టాస్మానియా దాకా 13,560 కిలోమీటర్లు, పదకొండు రోజులు ఎక్కడా దిగకుండా ఎగిరింది. ఆ సంగతి తలచుకుంటూ, బీచ్ రోడ్డులో గంట బండి నడిపినందుకు నడుము పట్టేసిందని విసుక్కోవడం మానేశాను, ఓ పది నిమిషాల పాటు.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలాయన నేను అటూ ఇటూ చూస్తుంటే అడిగాడు. బూజు పట్టిన బైనాక్యులర్ ఇచ్చాను. గల్ పక్షులను చూసి, ‘ఇవి పోయాక మావాళ్ళు వస్తారమ్మా’ అన్నాడు. ఆయన చెల్లెలి కొడుకు గుజరాత్‌లో వేరావల్ రేవులో పడవ మీద పని చేస్తున్నాడు. శ్రీకాకుళం తీరం నుంచి వేల మంది అలా వెళ్తారు. ఎండలు ముదిరాక, చేపల వేట ఆపే రోజుల్లో ఇళ్ళకు చేరతారు. ఇక్కడ మన తీరంలోనూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. పక్షులు ఖాళీ చేసిన ఒడ్డున అప్పుడు పడవలూ మనుషులూ కనబడతారన్న మాట. ‘ఈ అద్దంలో బూజు ఉంది తల్లీ’ అంటూ తిరిగి ఇచ్చాడు.

నాలుగో రోజు, ఆదివారం: ఇంటి మేడ

ఎక్కడికీ వెళ్ళలేదు. బట్టలు ఉతుక్కున్నాను. సాయంత్రం మేడ మీద ఆరిన బట్టలు తీస్తుంటే, పక్క వీధిలో పూత పట్టిన బూరుగు చెట్టు మీదికి గులాబీ గోరువంకలు దిగాయి. ఎర్రటి దొప్పల్లాంటి పువ్వుల్లో తల దూర్చి తేనె తాగి, ముక్కు నిండా పుప్పొడి పూసుకుని పోట్లాడుకున్నాయి. మధ్య ఆసియా గడ్డి మైదానాల పిట్టలు. ఇవి ఏప్రిల్ దాకా ఉండి, ఎండాకాలం వెళ్ళగానే అందరి కంటే ముందు తిరిగి వస్తాయి. వాటిని సాగనంపే పని ఇప్పట్లో లేదు.

రాత్రి పడుకోబోతూ కిటికీ తెరిచాను. గాలి దక్షిణం నుంచి వస్తోంది. తీగ మీద మర్చిపోయిన తువ్వాలు కొండ వైపుకు ఎగురుతోంది. అత్తయ్య గదిలోకి తొంగి చూశాను. ఆవిడ మెలకువగానే ఉన్నారు.

‘రేపు మా తమ్ముడి ఇంట్లో పడుకుందాం,’ అన్నారు.

అయిదో రోజు, సోమవారం: మళ్ళీ ఆవకు

మధ్యాహ్నం బయలుదేరి, మునగపాకలో మావయ్య గారింట్లో సంచులు పడేసి, నాలుగున్నరకు ఆవ గట్టున ఉన్నాం. గట్టు మీదికి రాగానే అత్తయ్య చెయ్యి చాచి చూపించారు. తామరాకులు అంచులు పైకి లేచి తిరగబడి ఉన్నాయి. ఆవ సగం ఆకుపచ్చ, సగం పాత రాగి బిందె రంగు.

దోనె మీద వెళ్ళలేదు. ఆ వేళ బాతులను కదిలించడం పద్ధతి కాదని పడవాయనే వద్దన్నాడు. గట్టున తాటి చెట్ల కింద చాప వేసుకుని కూర్చున్నాం. సూదితోకలు అక్కడే ఉన్నాయి. కానీ వాటిలో ఏదో తేడా. శుక్రవారం నిమ్మళంగా ఉన్న మంద ఇప్పుడు ఒక చోట నిలవడం లేదు. పదీ పదిహేను లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ దిగుతున్నాయి. రైలు రాకముందే ప్లాట్‌ఫాం మీద సంచి ఎత్తుకుని, దింపి, మళ్ళీ ఎత్తుకునే వాళ్ళలా. పంజరంలో పెట్టిన వలస పిట్టలు కూడా ఈ రోజుల్లో రాత్రంతా రెక్కలు కొట్టుకుంటూ, తాము వెళ్ళవలసిన దిక్కుకే గెంతుతాయని చదివాను. చదివింది ఒకటి, కళ్ళ ముందు చూడటం మరొకటి.

సూర్యుడు కొండ వెనక్కి దిగాడు. పున్నమికి ఇంకా రెండు రోజులు, తూర్పున చంద్రుడు అప్పటికే పైన ఉన్నాడు. ఆరుంపావు దాటాక ఎక్కడో ఒక ఈల. ఆ తరవాత మొత్తం మంద ఒక్కసారి లేచింది. అన్ని రెక్కలు నీటిని ఒకేసారి కొట్టిన చప్పుడు, చాపను దులిపినట్లు. మా తల మీదుగా ఒక చుట్టు, కొంచెం ఎత్తులో ఇంకో చుట్టు. మూడో చుట్టుకు గీతలా సాగి, కొండ అంచు వైపు, ఉత్తరానికి.

అత్తయ్య లేచి నిలబడ్డారు. మోకాళ్ళ సంగతి మర్చిపోయి చాప మీద నుంచి ఒక్క ఊపున లేవడం నేను ఈ పదేళ్ళలో చూడలేదు. రెండు చేతులూ నుదుటికి ఆనించి చూస్తూ ఉండిపోయారు. గీత సన్నబడి, చుక్కలై, పోయింది.

ఇప్పుడు ఒక ఇబ్బంది చెప్పాలి. బాతులు రోజూ చీకటి పడగానే పొలాలకు మేతకు లేస్తాయి. తెల్లవారేసరికి తిరిగి నీటికి వస్తాయి. మేము చూసింది సైబీరియా ప్రయాణమా, పక్క ఊరి వరి మడికి రాత్రి భోజనమా? ఆ గీత చూసి ఎవరూ చెప్పలేరు. అత్తయ్యకు చెబితే, ‘పోనీలే, అన్నం తినే వెళ్తాయి కదా’ అన్నారు.

మావయ్య గారింట్లో రాత్రి పెసరట్టు, బెల్లం ముక్క. నాకు నిద్ర పట్టలేదు. డాబా మీద పడుకుని ఆకాశం చూస్తే రెండుసార్లు ఎక్కడో పైన, కనబడకుండా, ఈల వినిపించింది. లేక వినిపించిందనుకున్నానో.

ఆరో రోజు, మంగళవారం

అయిదున్నరకు గట్టు మీద. మంచు పలుచగా ఉంది. పడవాయన అప్పటికే దోనెలో నీళ్ళు తోడి పోస్తున్నాడు. ముగ్గురం మాట్లాడుకోకుండా తామర దాటి తెరిపి నీటికి వెళ్ళాం.

సూదితోకలు పదకొండు. నాలుగుసార్లు లెక్కపెట్టాను. అన్నీ మగవే, జత దొరకనివి కావచ్చు, కుంటివి కావచ్చు, ఇంకా ఒళ్ళు పట్టనివి కావచ్చు. మేతకు వెళ్ళినవాటి కోసం ఆరున్నర దాకా చూశాం. ఎండ నీటి మీద పడింది. ఏడయింది. ఎవరూ రాలేదు. పుస్తకంలో నూట ఎనభై పక్కన పదకొండు రాసి, పెన్ను మూశాను.

‘అయితే వెళ్దాం పద’ అన్నాను, గొంతు ఎందుకో బొంగురుగా వచ్చింది.

‘ఉండు’ అన్నారు అత్తయ్య. ‘అదేమిటి ఆ చప్పుడు?’

దువ్వెన పళ్ళ మీద గోరు పెట్టి లాగినట్లు, పొడిగా, కరకరమని. తామర అవతల నుంచి. పడవాయన గెడ అడ్డంగా పెట్టి దోనెను తిప్పాడు. ఆకుల సందులో నుంచి చూస్తే, నిన్న ఈ నీటిలో లేని చిన్న బాతులు, ముప్ఫై నలభై దాకా. మగవాటి కంటి మీద నుంచి మెడ దాకా సున్నం గీత గీసినట్లు తెల్లటి కనుబొమ. గార్గనీలు. ఇంకా దక్షిణాన, తమిళనాడు వైపో, సింహళం వైపో చలికాలం గడిపి, ఉత్తరానికి పోతూ రాత్రి గాలికి ఇక్కడ దిగి ఉంటాయి. ఎంత అలసిపోయాయంటే సగానికి పైగా తల రెక్కలో పెట్టుకుని నిద్రపోతున్నాయి. మేలుకున్న మగ బాతులు రెండు మాత్రం ఒక ఆడదాని చుట్టూ ఆ దువ్వెన చప్పుడు చేస్తున్నాయి.

‘వీళ్ళు ఎప్పుడు వెళ్తారు?’ అని గుసగుసగా అడిగారు అత్తయ్య.

‘రెండు రోజులో, నాలుగు రోజులో. తిని, ఒళ్ళు చేసి.’

‘నీకు సెలవు ఎన్నాళ్ళుంది?’

‘ఈ రోజుతో సరి.’

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, పడవాయన వైపు తిరిగారు. ‘బాబూ, గెడ దింపు. ఈవిడను పన్నెండు గంటల బస్సు ఎక్కించి, కారు మా తమ్ముడి కొడుకు చేత పంపిస్తాను. నేను ఉంటాను.’